కరెంటు పోతే తగ్గిన గజ్జి

కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మీ సర్వీసులో మరచిపోలేని కేసు ఏదైనా చెప్పండి మేడం అని అడుగుతారు. పాముకాటో, వాగు దాటించి చేసిన కాన్పో వినాలని వాళ్ల ఆశ. నేను గజ్జి గురించి చెబుతానంటాను. మర్యాద తెలిసిన పిల్లలు కనుక లేచి వెళ్లిపోరు, చేతులు మాత్రం మెల్లగా ఒళ్లోకి లాక్కుంటారు. పేరు వింటేనే దురద పుట్టించే జబ్బు ఇదొక్కటే. మీకూ ఈపాటికి మెడ దగ్గర ఎక్కడో మొదలై ఉంటుంది. గోక్కోండి, నేనేమీ అనుకోను.

నా ఉద్యోగం ఇచ్చోడ వైపు మొదలై, ఊళ్లు తిరిగి తిరిగి, చివరికి కరీంనగర్ దగ్గరి ఒక చిన్న మరమగ్గాల ఊళ్లో స్థిరపడింది. ఊరి పేరు చెప్పను. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. మా ఆస్పత్రి ప్రహరీ అవతలి నుంచే సాంచాల సందు మొదలవుతుంది. పగలూ రాత్రీ ఒకటే టకటక. స్టెతస్కోపు పెడితే ముందు సాంచా వినిపించేది, తర్వాత గుండె. చేరిన కొత్తలో ఆ సందులో సగం మందికి గుండెదడ ఉందని రాయబోయి ఆగాను.

ఆస్పత్రిలో నాతో పాటు ఇద్దరు ముఖ్యులు. ఒకరు మా సిస్టరు. మందమర్రి బొగ్గు గని కార్మికుడి బిడ్డ, ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషి. ఆదివారం ఏ గొంతుతో పాడేదో సోమవారం అదే గొంతుతో వార్డులో తిట్టేది, రెండూ వినసొంపుగానే ఉండేవి. రెండోవాడు మా ఫార్మసిస్టు. మందులు పేషెంట్ల కోసం కాక ఆడిట్ కోసం వస్తాయని గట్టిగా నమ్మిన మనిషి. అల్మారా నిండుగా ఉంటే ఆయన ముఖం నిండుగా ఉండేది. ఒక చీటీకి ఒక సీసా, అదీ గడువు దగ్గరపడ్డది ముందు, ఇది ఆయన సిద్ధాంతం.

ఇక గోడ మీద ఒక పోస్టర్. డిపార్ట్‌మెంట్ వాళ్లు పంపింది. అందులో ఒక నాన్న, ఒక అమ్మ, ఇద్దరు పిల్లలు మంచం మీద వరసగా కూర్చుని నవ్వుతూ ఒంటికి మందు రాసుకుంటుంటారు. కిటికీలో చందమామ. కింద 'రాత్రి కుటుంబ సభ్యులందరూ ఒకేసారి రాసుకోండి, గజ్జిని తరిమికొట్టండి' అని అక్షరాలు. గజ్జి ఉన్నవాళ్లు అంత ఆనందంగా ఉండటం నేను ఆ ఒక్క పోస్టర్‌లోనే చూశాను.

ఒకరోజు సందులోంచి ఒక తల్లి తన కూతురిని తీసుకొచ్చింది. పిల్ల ఒకటో తరగతి. తండ్రి సాంచా నడుపుతాడు, తల్లి ఇంట్లో బీడీలు చేస్తుంది. పిల్ల ఒక చేత్తో కడుపు గోక్కుంటూ, రెండో చేత్తో నా బల్ల మీది రబ్బరు ముద్ర తీసి చూస్తోంది.

"గీ పిల్ల రాత్రంత గోకుడే డాక్టరమ్మ. అది నిద్రపోదు, మమ్ముల నిద్రపోనియ్యది. బళ్లె పెద్దసారు తగ్గినంక తోలియ్యమన్నడు" అంది తల్లి.

వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ సన్నని పొక్కులు. వాటి మధ్య సన్నటి గీతలు, పురుగు చర్మంలో తవ్వుకుపోయిన దారులు. కొన్ని చోట్ల గోకి గోకి పుండ్లు పడి చీము పట్టింది. రాత్రిపూట ఎక్కువయ్యే దురద, ఈ చోట్లు, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉండటం, ఈ మూడూ కలిస్తే దానికి పేరు పెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పసిపిల్లలకైతే అరచేతుల్లో, అరికాళ్లలో, తలలో కూడా వస్తుంది, అది గుర్తుంచుకోండి. నేను తల్లి చెయ్యి చూపించమన్నాను.

"నాదా? నాదేం లేదమ్మ. నాకు బీడీల ఆకు పడ్తలేదు."

"మీ ఆయనకు ఉన్నదా దురద?"

"ఉన్నది. ఆయనకు గంజి పడ్తలేదు. సాంచల పని గద."

"ఇంట్ల ఇంకెవరున్నరు?"

"మా మరిది. ఆయనకు గీ ఊరి నీళ్లు పడ్తలేవు."

"ఆయనది ఏ ఊరు?"

"గిదే ఊరు."

ఒకే గదిలో ఉండే నలుగురికి నాలుగు వేరువేరు కారణాల వల్ల ఒకేచోట దురద. పిల్లకు కారణం వేడి చేయడం. ఇది చాలదన్నట్టు సందు చివరి ఆర్‌ఎంపీ ఒక ట్యూబు ఇచ్చాడు. దురదను నాలుగు రోజులు నిద్రపుచ్చి, పురుగును హాయిగా పెరగనిచ్చే స్టెరాయిడ్ ట్యూబు అది. రాసిన చోటల్లా పొక్కుల రూపం మారిపోయి మనల్ని తికమక పెడుతుంది. ఇంట్లో ట్యూబు ఏమైనా రాశారా అని అడగకుండా గజ్జి కాదని ఎప్పుడూ తేల్చకండి. గజ్జి అని ఎవరూ ఎందుకు అనలేదంటే, గజ్జి పక్కింటి వాళ్లకు వచ్చే జబ్బు. మనకు వచ్చేది అలర్జీ.

పుండ్లకు మందిచ్చి, గజ్జికి పర్మెత్రిన్ లోషన్ ఇంట్లో అందరికీ రాశాను. ఫార్మసిస్టు చీటీ చూసి నా గదికి వచ్చాడు.

"చీటీ మీద పిల్ల పేరొక్కటే ఉన్నది మేడం. అందరికి ఎట్లియ్యాలె? మిగిలినోళ్లకు రోగమున్నదని ఎట్ల తెలుస్తది?"

"వాళ్లు ఆ పిల్ల పక్కన పడుకుంటరు."

"పండుకునుడు రోగం కాదు గద మేడం."

చివరికి సిస్టరు వెళ్లి ఒక కీర్తన అందుకుంటే సీసాలు బయటికి వచ్చాయి. నేను పోస్టర్ చూపించి తల్లికి పాఠం చెప్పాను. మెడ నుంచి అరికాలి దాకా, గోళ్ల కింద కూడా, దురద ఉన్నచోటే కాదు, లేనిచోట కూడా. రాత్రి రాసుకుని పొద్దున స్నానం. కట్టుకున్న బట్టలు, కప్పుకున్న రగ్గులు వేడినీళ్లలో ఉడికించి ఎండలో వేయాలి. వారానికి మళ్లీ ఒకసారి. తల్లి అన్నిటికీ తలూపింది.

దురద మళ్లీ వచ్చింది. మళ్లీ రాశాను. మళ్లీ వచ్చింది. అందరూ రాసుకున్నారా అంటే ప్రతిసారీ "రాసుకున్నం డాక్టరమ్మ" అంటుంది. వైద్యం పనిచేయకపోతే మన డిపార్ట్‌మెంటులో ఒక వాడుక ఉంది, తప్పు పేషెంటు ఇంట్లో వెతుకుతాం. బళ్లో పెద్దసారు శుభ్రత మీద ఉపన్యాసం ఇచ్చి పంపాడు. ఫార్మసిస్టు వాళ్లు మందు అమ్ముకుంటున్నారేమో అన్నాడు. గజ్జిమందుకు బజారులో అంత గిరాకీ ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికి వెళ్లి చూసొచ్చిన సిస్టరు మాత్రం, "మన ఆస్పత్రి కంటె వాళ్ల ఇల్లే సాఫుగ ఉన్నది మేడం" అంది. ఆ సర్టిఫికెట్ విని నేను సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఇంతలో ఒక పొద్దున తల్లి పిల్లను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. పిల్ల ముఖం ఉబ్బిపోయింది, కండ్లు సగం మూసుకుపోయాయి.

"మూత్రం చాయ్ లెక్క వస్తున్నది డాక్టరమ్మ" అంది. నాకు కూడా భయం వేసింది, దాచుకోను. గోకిన పుండ్లలో చేరిన చీము క్రిములు ఒక్కోసారి కిడ్నీలను దెబ్బతీస్తాయి. పురుగు కంటికి కనపడనంతది, అది తెచ్చిపెట్టే ప్రమాదం ప్రాణం మీదికి రావచ్చు. గజ్జి వల్ల ఎవరూ చావరు అనే పెద్దమనుషులు నాకు చాలామంది తెలుసు. ఆ పొద్దున వాళ్లలో ఒక్కరైనా నా పక్కన ఉంటే బాగుండేది అనిపించింది. కరీంనగర్ పెద్దాస్పత్రికి అంబులెన్సులో పంపించాను. సిస్టరు వెంట వెళ్లింది.

పిల్ల బతికింది, వాపు తగ్గి తిరిగి వచ్చింది. పెద్దాస్పత్రి డాక్టరు రాసిన కాగితం మీద చివర ఒక మాట ఉంది. గజ్జి పూర్తిగా పోవాలి, లేకపోతే పుండ్లు మళ్లీ పడతాయి, కిడ్నీలకు మళ్లీ ముప్పు రావచ్చు. నాకు తెలియని సంగతేమీ కాదు. కానీ ఆ తల్లి ఎదురుగా కూర్చుని ఆ కాగితాన్ని నా చేతిలో పెట్టినప్పుడు, అప్పటిదాకా అడగని తీరులో అడిగాను.

"మందు రాసుకున్న రాత్రి ఇంట్ల ఎవరెవరు ఉన్నరు?"

"నేను, పిల్ల, మా మరిది."

"మీ ఆయన?"

"ఆయనది రాత్రి డ్యూటి గద. సెలవు దొరికిన నాడు రాసుకున్నడు."

"అందరు ఒక్కసారి రాసుకోవాలని చెప్పిన గద."

ఆమెకు నవ్వొచ్చింది. పాపం, నన్ను చూసి జాలిపడి నవ్వింది.

"అందరం అంటే ఎట్లమ్మ? ఆయన రాత్రి పోతె మరిది పగటీలి పోతడు. వారం కాంగనె మర్లుతది. ఒగలు లేస్తె ఒగలు పండుకుంటరు. గదే మంచం, గదే రగ్గు. మేం అందరం ఒక్క రాత్రి ఒక్క ఇంట్ల ఎన్నడున్నం?"

నేను గోడ మీది పోస్టర్ వైపు చూశాను. అందులోని నాన్నకు రాత్రి డ్యూటీ లేదన్న సంగతి అన్నాళ్లూ నాకు తట్టలేదు. ఆ పోస్టర్ వేసినవాళ్లకూ తట్టలేదు. రాత్రి నిద్రపోయేవాళ్లు రాసిన వైద్యం అది.

"మరి పిల్ల బాపు పక్కల ఎప్పుడు పండుకుంటది?"

"పొద్దుగాల ఆయన రాంగనె పక్కల సొర్రుతది. పొద్దెక్కేదాంక లేవది. గదొక్కటే టైము దానికి బాపు దొరికేది."

అక్కడుంది అసలు దారి. పిల్ల పొద్దున ఒళ్లంతా కడుక్కుని, పురుగు లేని చర్మంతో వెళ్లి, మందు రాసుకోని తండ్రిని కావలించుకుని పడుకుంటుంది. మరుసటి వారానికి అంతా మొదటికి వస్తుంది. తండ్రి దగ్గరికి పోవద్దని పిల్లకు చెప్పమని సిస్టరుతో అన్నాను.

"నేను చెప్ప మేడం" అంది ఆమె. మేం కలిసి పనిచేసిన ఇన్నేళ్లలో నా మాట కాదనడం అదే మొదలు. "మా బాపు బొగ్గుబాయిల నుంచి రాంగనె నేను గూడ గట్లనే పోతుంటి."

తర్వాత నేను కూడా ఆ మాట ఎత్తలేదు. పగలు రాసుకోమందామంటే పగలు మరిది సాంచా మీద ఉంటాడు. తండ్రి సెలవు పెడితే ఆ డ్యూటీ కూడా మరిదే చేయాలి. సందులో ఇల్లిల్లూ అంతే, ఒకరు ఇంట్లో ఉన్నారంటే ఇంకొకరు సాంచా దగ్గర ఉన్నట్టే. ఇక మిగిలింది ఆసామి. సందులోని సాంచాలన్నీ ఆయనవే. ఒక్క పూట అన్నీ ఆపమని అడగడానికి వెళ్లాను.

షెడ్డులో ఆయన అరిచి మాట్లాడాలి, నేను అరిచి మాట్లాడాలి, లేకపోతే వినపడదు. గజ్జి గురించి అంత గట్టిగా మాట్లాడుకున్న ఇద్దరు మనుషులు ఆ జిల్లాలో మేమే అయి ఉంటాం.

"గజ్జికి సాంచలు బంద్ పెట్టుడేంది మేడం? గజ్జి ఎవలికి రాదు?"

"ఆ పిల్ల కరీంనగర్ దాకా పోయి వచ్చింది. మళ్ల పోతే వాపస్ వస్తదో రాదో నేను చెప్పలేను."

"నాకు గూడ పాపమనే అనిపిస్తది. కని ఆర్డరున్నది. జర ఆగుండ్రి, అయిపోంగనె చూద్దాం."

"అయితే పనిలనే మందు రాసుకోనియ్యండి."

"మందు చేతులతోని ముట్టుకుంటె గుడ్డకు మరకైతది. మాల్ వాపస్ కొడ్తరు."

"ఏం గుడ్డ ఇది?"

"బడి పిల్లల యూనిఫాం మేడం."

ఆ యూనిఫాం బట్ట నేసే మనిషి కూతురిని అప్పటికి చాలా రోజులుగా బడిలోకి రానివ్వడం లేదు. ఆ సంగతి ఆసామికి చెప్పి లాభం లేదు, బడి ఆయనది కాదు. బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర ఆ పిల్లే కనిపించింది. ఆసామి మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడిస్తోంది. బొద్దుగా ఉన్నాడు వాడు. వాడి వేళ్ల సందుల్లో పొక్కులున్నాయి. ఇద్దరూ గోక్కుంటూనే నవ్వుతున్నారు.

"మీ మనుమనికి గూడ ఉన్నది" అన్నాను.

"వానికి చెమటకాయలు మేడం. ఫికర్ లేదు, కూలర్ పెట్టిచ్చిన" అన్నాడు ఆసామి.

ఆ ఎండాకాలం చివర్లో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. ఆస్పత్రి మీది రేకు ఒకటి ఎగిరిపోయింది, ఊరవతల కరెంటు స్తంభాలు పడిపోయాయి. ఉన్నట్టుండి సాంచాలన్నీ ఆగిపోయాయి. చెవుల్లోంచి దూది తీసినట్టయింది. ఆ ఊళ్లో పిచ్చుకలు ఉన్నాయని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. సెల్‌ఫోన్‌లో లైన్‌మన్‌ని పట్టుకుంటే రేపటిదాకా ఆశ పెట్టుకోవద్దన్నాడు. సిస్టరు కిటికీ దగ్గర నిలబడి సందులోకి చూస్తోంది.

"మేడం, అందరు ఇండ్లకు పోతున్నరు" అంది.

అందరు. ఆ మాట విని ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నేను ఫార్మసిస్టు దగ్గరికి పరుగెత్తాను. లోషన్ పెట్టె మొత్తం కావాలన్నాను.

"ఎవలి పేరు మీద రాయాలె మేడం?"

"గాలిదుమారం పేరు మీద రాయండి."

ఆయన తాళంచెవి వైపు చూశాడు, నా వైపు చూశాడు. నా ముఖంలో ఏం చూశాడో ఏమో, అల్మారా తెరిచాడు. పెట్టె నన్ను ముట్టుకోనివ్వలేదు, తానే భుజానికెత్తుకుని అప్పుడే మొదలైన వానలోకి దిగాడు. తువ్వాల తన తల మీద కాదు, పెట్టె మీద కప్పాడు. ఆడిట్ బుద్ధి అంత తొందరగా పోదు.

సందులో ఇల్లిల్లూ తిరిగాం. సిస్టరు ఆడవాళ్లకు చూపిస్తుంటే ఫార్మసిస్టు మగవాళ్లకు చూపించాడు. గోళ్ల కింద, చంకల్లో, నడుం చుట్టూ, ఎక్కడా వదలొద్దని గట్టిగట్టిగా చెబుతున్నాడు. రోగం ఉన్నదని ఎట్ల తెలుస్తది అని ఎవరినీ అడగలేదు. మా పిల్ల ఇంటికి వెళ్లేసరికి తల్లి, తండ్రి, మరిది, పిల్ల ఒకే మంచం మీద కూర్చుని ఉన్నారు. సెల్‌ఫోన్ వెలుగులో నలుగురి ఒళ్లూ మెరుస్తున్నాయి.

"పొద్దూకంగ అందరం ఇంట్ల ఉండుడు అలవాటు లేదు మేడం" అన్నాడు తండ్రి ఇబ్బందిగా నవ్వుతూ. "ఏం జెయ్యాల్నో సమజైతలేదు."

"ఏం చెయ్యకు. ఊరకనే కూసో, చేతులు కడుక్కోకు" అన్నాను. పిల్ల తండ్రి ఒళ్లోకి ఎక్కి కూర్చుంది. ఈసారి ఎవరూ భయపడాల్సిన పని లేదు.

వెనక్కి వస్తుంటే ఆసామి కోడలు కొంగు చాటున పిల్లవాడిని పెట్టుకుని వాకిట్లో నిలబడింది.

"డాక్టరమ్మ, చెమటకాయలకు గూడ గీ మందు పనిచేస్తదట గద?"

"పనిచేస్తది" అన్నాను. "చెమటకాయలైతే ఇంటిల్లిపాది రాసుకోవాలె. మీ మామ గూడ. వారానికి మళ్ల రాయాలె. ఆ రోజు వీణ్ణి ఆడిచ్చేటోళ్లు గూడ రాసుకుంటేనే పోతది, లేకపోతే వీనికి మళ్ల వస్తది."

మరుసటి రోజు మధ్యాహ్నానికి గానీ కరెంటు రాలేదు. ప్రజారోగ్యానికి విద్యుత్ శాఖ చేసిన ఈ సేవ గురించి ఏ రిపోర్టులోనూ రాయలేకపోయినందుకు నాకు ఇప్పటికీ బాధే.

కానీ వారానికి రెండో విడత ఉంది కదా. మొదటి మందుకు తప్పించుకున్న గుడ్లు పిల్లలైతే కథ మళ్లీ మొదలు. ఆకాశం చూస్తే మబ్బు తునక లేదు. సిస్టరు ఆదివారం చర్చి నుంచి వచ్చి, "గాలిదుమారం రావాలని ప్రార్థన చేసిన మేడం, పాపమంటరా?" అని అడిగింది. ఏ స్తంభం ఎవరి మీద పడుతుందోనని నాకు కొంచెం దిగులుగానే ఉండింది.

ఆ రోజు రానే వచ్చింది. ఎండ కాస్తోంది, ఆకు కదలడం లేదు. సాయంత్రం నేను పేషెంటు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ఉన్నాను. ఉన్నట్టుండి గుండె ఒక్కటే వినిపించింది. సాంచాలు ఆగిపోయాయి. తలెత్తి చూస్తే నా గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది.

మిగిలిన లోషన్ సీసాలు పట్టుకుని సిస్టరూ నేనూ సందులోకి వెళ్లాం. షెడ్డు ముందు ఆసామి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బనీను, లుంగీ. ఒళ్లంతా లోషన్ వాసన.

"ఫ్యూజు పోయింది మేడం" అన్నాడు నన్ను చూడకుండా. "రేపు పొద్దుగాలదాంక కాదు. అందర్ని ఇండ్లకు పొమ్మన్న."

లుంగీ మడతలోంచి తెల్లటి పింగాణీ ఫ్యూజు సగం బయటికి కనిపిస్తోంది. సిస్టరు చూసింది, నేను చూశాను. మేం చూశామని ఆయనా చూశాడు.

"ఫ్యూజులు గట్లనే పోతయి" అంది సిస్టరు.

"పోతయి గద" అన్నాడు ఆసామి.

గజ్జి పోయినా దురద వెంటనే పోదు, కొన్ని వారాలు ఉంటుంది. మందు పనిచేయలేదని మళ్లీ మళ్లీ రాయకండి, ఒంటికి మంచిది కాదు. మా పిల్లకు కూడా అలాగే నెమ్మదిగా తగ్గింది. పుండ్లు మానాయి, మూత్రం పరీక్షలు బాగున్నాయి. పెద్దసారు బడిలోకి రానిచ్చాడు. ఆయన ఉపన్యాసం వల్లే తగ్గిందని ఆయన నమ్మకం, నేను పాడుచేయలేదు.

ఆ తర్వాత ఒకరోజు తల్లి ఒక్కతే ఓపీకి వచ్చింది. కండ్ల కింద నల్లగా ఉంది. మళ్లీ మొదలైందా అన్నాను.

"లేదమ్మ, పిల్ల మంచిగున్నది. నాకే నిద్రవడ్తలేదు" అంది. "ఇన్ని దినాలు అది గోకుతుంటె లేస్తుంటి. ఇప్పుడు అది లేస్తలేదు. సప్పుడు లేకుంట పండుకుంటె నాకు బుగులైతున్నది. లేసి ముక్కు కాడ చెయ్యి వెట్టి చూస్తున్న, ఊపిరి ఆడుతున్నదా లేదా అని."

నేను కలానికి మూత పెట్టాను.

"దీనికి మందు లేదమ్మా" అన్నాను. "కొన్నాళ్లకు నీకే అలవాటైతది."

ఆమె లేచి కొంగు సర్దుకుంది.

"కానియ్యి డాక్టరమ్మ" అంది. "గీ నిద్రలేకపోవుడు మంచిగనే ఉన్నది."